కంచు తాళాలకు నైలాన్ తాడు

ఆ రోజుల్లో అనగానే మీరు ట్రంకు పెట్టెలూ లాంతర్లూ ఊహించుకోకండి. నా ఆ రోజులు అంత పాతవి కావు. మా తమిళ పట్నంలో మెట్రో రైలు తొండియార్‌పేట దాకా కొత్తగా వచ్చిన రోజులు అవి. ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివి, మనలిలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాను. లోకంలో ప్రతిదానికీ ఒక పేరు, ఒక కారణం, ఒక కొలత ఉంటాయనీ, వీటిలో ఏ ఒక్కటి కనబడకపోయినా ఎవరో ఏదో దాస్తున్నారనీ నాకు గట్టి నమ్మకం. మా సూపర్‌వైజరు నేర్పిన మొదటి పాఠం కూడా అలాంటిదే: మీటరు ముల్లు కదలకుండా నిలబడిందంటే అంతా బాగుందని సంతోషపడకు, ముందు మీటరును అనుమానించు. ఈ పాఠాన్ని గేటు దగ్గర వదిలేసి రావలసింది పోయి, రోజూ కంపెనీ బస్సెక్కించి ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. కూరగాయలవాడి కాటాను అనుమానించాను. పక్కింటివాళ్ళ నీళ్ళ మోటారును అనుమానించాను. మా పెద్దమ్మ పెట్టే కాఫీలో చిక్కదనం సోమవారానికీ శనివారానికీ తేడాగా ఉందని ఒకసారి నోరుజారి, వారం పాటు పలచటి కాఫీ తాగాను.

మా నాన్న ఉద్యోగం ఈరోడ్‌లో. అందుకని నన్ను చూలైలో మా పెదనాయన ఇంట్లో పెట్టారు. పెదనాయన పసుపు టోకు వ్యాపారి. కొట్టు కొడుక్కి అప్పజెప్పేశాడు గాని, గోళ్ళలోని పసుపు మాత్రం ఆయనతోనే ఉండిపోయింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనమై, కునుకు తీసి లేచి, ఉతికిన పంచె కట్టి, తువ్వాలులో ఏదో మూటగట్టుకుని బయల్దేరేవాడు. “ఎందాకా?” అని గడప దగ్గర పెద్దమ్మ అడిగేది. (బయటికి పోయేవాళ్ళను ఎక్కడికి అని అడగకూడదు కదా. అందుకని ఎందాకా అంటారు. కూపీ లాగేది మాత్రం అదే.) “తొండియార్‌పేటలో కూచుంటుండాం” అనేవాడు ఆయన. రోజూ ఇంట్లోనే ఈజీచైరులో కూర్చునే మనిషి, కూర్చోవడం కోసం రైలెక్కి తొండియార్‌పేట దాకా పోవడం ఏమిటని నేను చేరిన వారమే నాకు అనుమానం తగిలింది.

“ఆడ కూచోని ఏం చేస్తారు పెదనాయనా?” అని అడిగాను.

“పాడతాం.”

“ఏం పాటలు?”

“మన పాటలే. బండి పాటలు, పడవ పాటలు, రోకటి పాటలు. మా అవ్వా తాతా పాడినయి.”

“అంటే భజన.”

“భజనంటే దేవుడుండాలి గదరా. వీటిలో సగం పాటల్లో దేవుడే లేడు.”

“అయితే కచేరీ అనండి.”

“కచేరికి టికెట్టుంటది, మైకుంటది, ముందు వరసలో నిద్రపోయేవాళ్ళుంటారు. మాకాడ ఏమీ లేవు.”

“మరి దానికి పేరేమిటి?”

“పేరేంటికిరా? కూచుంటాం. అయిపోతే లేస్తాం.”

పేరు చెప్పడానికి ఇష్టపడని మనిషి అసలు విషయం ఎందుకు చెబుతాడు? నా అనుమానాల్లో ఇది పైకెక్కి కూర్చుంది.

అయితే ఆ ఇంట్లో నాకంటే ముందునుంచీ అనుమానిస్తున్న మనిషి మరొకరున్నారు. ఒక రోజు పెద్దమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. పెదనాయనకు ‘చింతపండు మామ’ అని ఒక స్నేహితుడుండేవాడు. (చింతపండు మండీ కాబట్టి ఆ పేరు. మనిషి మాత్రం తియ్యనివాడని చెప్పుకుంటారు.) మీసాలు రాని వయసునుంచీ ఇద్దరూ జతగా పాడేవాళ్ళు. నేను రావడానికి కొన్ని నెలల ముందు ఆయన పోయాడు. “అంతకు ముందు మీ పెదనాయన ఆదివారం పాడొచ్చినాడంటే, మళ్ళా ఆదివారం దాకా స్నానాల గదిలో కూనిరాగమే. తలుపు కొట్టినా నిలిపేవాడు కాదు. ఆ మామ పోయినాక ఒక్క రాగం లేదు. వారం వారం పోతుండాడు, వస్తుండాడు, నోరు మాత్రం తెరవడు. అసలు ఆడికే పోతుండాడా? లేకపోతే గొంతులో ఏదన్నా వచ్చి, డాక్టరుకు చూపించుకొని నాకు చెప్పకుండా తిరగతా ఉండాడా?” అంది. కొంగుతో అవసరం లేకపోయినా డబ్బాల మూతలు తుడిచింది. “నువ్వు మిషన్లు చూసి జబ్బు చెప్పేవాడివి గదా. ఈయన్ని చూసి చెప్పు నాయనా.” అలా నా మొట్టమొదటి స్వతంత్ర తనిఖీ మా పెదనాయన మీద పడింది.

ఆదివారం నేనూ వస్తానంటే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “నీకేంటికిరా? సినిమాకు పోరాదా?”

“సుమ్మా, ఊరికే చూద్దామని.”

“ఊరికే వచ్చే వయసా నీది? మీ పెద్దమ్మ పంపించిందా?”

లేదన్నాను. ఆయన నమ్మలేదు. రైల్లో నేను ఆయన గొంతును పక్కనుంచి పరిశీలిస్తుంటే, ఆయన నన్ను కిటికీ అద్దంలోంచి పరిశీలించాడు. తొండియార్‌పేటలో ఒక సందులోకి తీసుకుపోయాడు. కింద గోనెసంచుల గోదాము, పైన ఆ గోదాము వాళ్ళ ఇల్లు. ఇంటావిడను అందరూ ‘గోనెసంచుల అవ్వ’ అంటారు. పొడుగాటి హాల్లో చాపలు, గోడవారగా ముక్కాలి పీటమీద పటాలు, వాటి ముందు వెలుగుతున్న ఒక కుంది. పదిమందికి మించకుండా పెద్దవాళ్ళు. వాళ్ళలో నూనె మండీలో లెక్కలు రాసి రిటైరైన ‘కళ్ళజోడు మామ’ ఒకడు. ఆయన నన్ను చూడగానే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. నేను ఫోను తీశానో లేదో అవ్వ గొంతు వినబడింది. “ఆ ఫోను లోపల పెట్టు నాయనా. పోయిన తూరి ఒగుడు వచ్చి రికార్డు చేసుకొని పోయినాడు. మా రోకటి పాట వాడి అక్క పెళ్ళి వీడియోలో డ్రమ్ములతో వచ్చె.” ఫోను జేబులో పెట్టాను. పెట్టానా లేదా అని కళ్ళజోడు మామ నా జేబును ఇంకా కాసేపు చూశాడు.

పాటలు మొదలయ్యాయి. ఆర్భాటం ఏమీ లేదు. ఒకరు గొంతు సవరించుకుని ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు అందుకున్నారు. మధ్యలో ఒకరు మోకాళ్ళ నొప్పి గురించి చెప్పి, మళ్ళీ చరణంలో కలిశారు. అవ్వ ఒక పడవ పాటను సగంలో ఆపి, మనవరాలికి పాలు పొంగుతున్నాయని చెప్పి, ఆపినచోటే పట్టుకుంది. నేను మాత్రం పెదనాయననే చూస్తున్నాను. ఆయన మూట విప్పాడు. అందులో రెండు కంచు తాళాలు. వాటిని తువ్వాలు మీద విడివిడిగా పెట్టి వాటి వెనక కూర్చున్నాడు. పెదవులు కదపలేదు. అందరి పాటలూ అయ్యాక అవ్వ ఆయన వైపు చూసింది. ఆయన తాళాల వైపు చూశాడు. “సరి, కాపీ తీసుకురామ్మా” అంది అవ్వ లోపలికి. నేను చూసిన ప్రతి ఆదివారమూ ఇదే వరస.

అలా కొన్ని ఆదివారాలు చూశాక, ఒకనాడు ఇంటికొచ్చి కారణాలన్నీ ఒకదాని కింద ఒకటి వేసుకున్నాను. మనిషి అక్కడికే పోతున్నాడు. గొంతు జబ్బు కాదు, దారిలో ఆటోవాడిని పిలిచిన కేక సందు చివరిదాకా వినబడింది. మరి లోపం ఎక్కడ? పరికరంలో ఉండాలి! జత తాళాలను కలిపి ఉంచే తాడు లేదు. మధ్యలో బెజ్జాలు ఖాళీగా ఉన్నాయి. తాడు లేని తాళాలను ఎలా పట్టుకుంటాడు, ఎలా వాయిస్తాడు? తాళం లేకుండా ఎలా పాడతాడు? ఇంతమంది పెద్దవాళ్ళు ఏడాదిగా చూస్తూ కూర్చున్నారే గాని, ఒక్కరికీ ఒక తాడు ముక్క తేవాలని తోచలేదు! మెయింటెనెన్సు అనేది ఈ జాతికి అబ్బదా అని బాధపడి, చూలైలో మా సందు చివరి హార్డ్‌వేర్ కొట్లో మంచి నైలాన్ తాడు కొన్నాను. పత్తితాడు ఇవ్వమంటారా అన్నాడు కొట్టువాడు. అది తెగుతుందన్నాను. అక్కడితో ఆగానా? ఇది ఎంత లాగినా తెగదు కదా అని మరీ మరీ అడిగి తీసుకున్నాను.

తరువాతి ఆదివారం అందరూ కాఫీ గ్లాసులు అందుకుంటుండగా, నేను పోయి తువ్వాలు మీది తాళాలు తీసుకున్నాను. బెజ్జాల్లో తాడు ఎక్కించాను. నైలాన్ జారుతుంది కాబట్టి ఒక్కో పక్క మూడేసి ముళ్ళు వేశాను. కొసలు పీచు లేవకుండా కాల్చాలి. అగ్గిపెట్టె కనబడలేదు. కుందిలో దీపం ఉంది కదా అని పీట ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ మంటకే కొసలు చూపించి, కరిగిన నైలాన్‌ను ముడిమీద అదిమాను. రెండు చేతులా లాగి పరీక్షించాను. తరువాత, పని పూర్తయిందని తెలిసేలా ఒక్కసారి గట్టిగా మోగించాను.

వెనక్కి తిరిగితే ఎవరి గ్లాసు వారి నోటిదాకా వచ్చి ఆగిపోయి ఉంది. పెదనాయన లేచి నిలబడి ఉన్నాడు.

“నువ్వేనా?” అన్నాడు.

“నేనే.”

“నీ అంతట నువ్వేనా? ఎవురన్నా చెప్పినారా?”

“ఎవరు చెప్పాలి పెదనాయనా? చూస్తే తెలియడం లేదా?” అన్నాను, కొంచెం గర్వంగానే.

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని బాల్కనీలోకి పోయి నిలబడ్డాడు. అవ్వ కళ్ళొత్తుకుంది. ఒక తాడు ముక్కకు ఇంత సంబరమా అని నాకు అప్పుడే ఏదో తేడా కొట్టింది.

ఆ తేడా పది నిమిషాల్లో పెద్ద అనుమానమై కూర్చుంది. నాకు ఫ్యాను కింద చాప వేశారు. నా ఒక్కడికే రెండో కాఫీ వెండి గ్లాసులో వచ్చింది, దాని పక్కన బాదుషా. తెచ్చింది అవ్వ మనవరాలు. అంతవరకూ నన్ను పట్టించుకోని పిల్ల కాస్తా నవ్వింది. కళ్ళజోడు మామ దగ్గరికి జరిగి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

“పని పర్మనెంటు చేస్తారా?”

“చేస్తామన్నారు.”

“మనలిలోనేనా, ఊరు మార్చేస్తారా?”

“మనలిలోనే.”

“ఆదివారాలు షిఫ్టు పడతాదా? సిగరెట్టూ గిగరెట్టూ? ఐసు నీళ్ళు తాగతావా? అబద్దం చెప్పొద్దు, ఇది జీవితాంతం మాట.”

ఇంతలో అవ్వ నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి ‘ఆ’ అనమంది. అన్నాను. “గొంతు బాగుండాది. పళ్ళు గూడా” అని సభకు ప్రకటించింది. “ఇంక మనోడే” అన్నారు ఎవరో వెనకనుంచి. జీవితాంతం మాట, పళ్ళ పరీక్ష, బాదుషా, నవ్విన పిల్ల. ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే పాలిటెక్నిక్ కుర్రవాడు కూడా చెప్పగలడు, ఇవి పెళ్ళిచూపులు! పాటలన్నీ పైపై మాటలు. పేరు పెట్టని సభకు అసలు పని ఇదన్నమాట. పెదనాయన కూడా ఇందులో ఉన్నాడు. నోరు మూసుకు కూర్చున్నది అందుకే!

ఇంటికి రాగానే పెద్దమ్మకు నివేదిక ఇచ్చాను. గొంతు జబ్బేమీ లేదనీ, మనల్ని మోసం చేసి నాకు సంబంధం చూస్తున్నారనీ చెప్పాను. పెద్దమ్మ కోపం తెచ్చుకుంటుందనుకుంటే, గరిటె పక్కన పెట్టి, “నిజమా? పిల్ల ఎట్లుండాది?” అంది. మా గూఢచారి విభాగం ఆ క్షణంలో రద్దయింది.

వారమంతా బస్సులో కూర్చుని నా నిరాకరణను పాయింట్ల ప్రకారం తయారుచేసుకున్నాను. ఎవరి మనసూ నొప్పించకూడదు. ఆశా పెట్టకూడదు. ఆదివారం అందరూ చేరగానే, పాటలు మొదలవకముందే లేచి నిలబడ్డాను. “మీరందరూ నా మీద పెట్టుకున్న నమ్మకానికి సంతోషం. కాని ఇలాంటి బంధానికి నేనింకా సిద్ధంగా లేను. నాకంటే తగినవాళ్ళు మీకు తప్పకుండా దొరుకుతారు. దయచేసి నన్ను వదిలేయండి” అన్నాను. చప్పట్లు వస్తాయని కాదు గాని, కనీసం ఎవరైనా బతిమాలతారనుకున్నాను. అందరూ పెదనాయన వైపు చూస్తున్నారు.

“సరేలేరా” అన్నాడు ఆయన, నేలచూపులు చూస్తూ. “చిన్నోడివి. దీంట్లో బలవంతం లేదు.” తాళాలు ఒళ్ళో పెట్టుకుని, నేను వేసిన ముడిని పసుపు గోళ్ళతో విప్పబోయాడు.

మొదట నేను పోయింది వంటింట్లోకి. ఆ పిల్లకు ఒక మాట చెప్పడం మర్యాద కదా. స్టవ్వు దగ్గర నిలబడి ఉంటే, “మీ మీద నాకెలాంటి దురభిప్రాయం లేదు. సారీ” అన్నాను.

“నాకేంటికి అన్నా సారీ?” అంది.

అన్నా! ఆ ఒక్క పిలుపుతో నా పాయింట్లన్నీ కుప్పకూలాయి. అయినా పట్టువదలక సంబంధం, చూపులు, బాదుషా అంటూ వివరించాను. ఆమె గరిటె పట్టుకునే గోడకు ఆనుకుని నవ్వి, వేళాకోళం వద్దన్నట్టు తమిళంలోకి దిగి “కామెడీ పణ్ణాదీంగ అన్నా!” అంది. “నాకు నిశ్చితార్థం అయిపోయింది. కార్డులు గూడా అచ్చుకు పోయినాయి. నిన్ను చూసింది ఆ తాళాల తాతకోసం, నాకోసం కాదు.”

“తాతకోసమా?”

నవ్వు ఆపుకుని చెప్పింది. ఈ పాటల్లో చాలావాటికి ఇద్దరుండాలట. ఒకరు అడుగుతారు, ఒకరు జవాబు చెబుతారు. జతలో ఒకరు పోతే, మిగిలిన ఆ ఒక్కరు దీపం ముందు కూర్చుని తాళాల తాడు కత్తిరించి విడదీసి పెడతారు. మళ్ళీ తాము కట్టుకోకూడదు. కట్టమని ఇంకొకరిని అడగనూ కూడదు. ఎవరైనా తమంతట తాము వచ్చి తాడు కడితే, ఇకమీద నీ జవాబు నేను చెబుతానని అర్థం. “అడిగి కట్టించుకుంటే ఆ జత నిలబడదంట. అందుకే తాత ఏడాదిగా ఎవుర్నీ అడగలా. మేమూ ఎవురం చెప్పలా. వారం వారం తాళాలు పెట్టుకొని సుమ్మా కూచునేవాడు. నువ్వు వచ్చి దీపం ముందర కట్టేస్తివి. ఇప్పుడేమో అందర్లో నిలబడి వద్దంటివి” అంది. ఈసారి ఆమె నవ్వలేదు.

హాల్లోకి వచ్చేసరికి అక్కడ వేరే గొడవ నడుస్తోంది. ముడి రావడం లేదు. పెదనాయన గోళ్ళు ఓడిపోయాయి. కళ్ళజోడు మామ పంటితో ప్రయత్నించి, పన్ను జాగ్రత్తగా తడిమి చూసుకుంటున్నాడు. అవ్వ పిన్నీసు వంకరపోయింది. కరిగి రాయిలా అయిపోయిన ఆ నైలాన్ ముళ్ళను విప్పగల పనిముట్టు ఆ ఇంట్లో లేదు.

“కత్తెర తెండి” అన్నారు ఎవరో.

“ఐయో, కత్తెర ఎట్లా పెడతాం? కత్తిరించేది మనిషి పోయినప్పుడు గదా. ఈడు గుండ్రాయిలాగా ఎదర నిలబడి ఉండాడే” అన్నాడు కళ్ళజోడు మామ.

“విప్పలేరు, కత్తిరించలేరు. ఏం తాడు తెచ్చినావప్పా?” అంది అవ్వ నన్ను చూసి.

పెదనాయన ఆ ముడి మీద బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. ఏడాదిపాటు ఖాళీ బెజ్జాలను చూస్తూ కూర్చున్న మనిషి ఆయన. వాటిని మళ్ళీ ఖాళీ చేయడం ఆయన చేతులకు ఇష్టం లేదని, మీటర్లు చదివే నాకు అప్పుడు గాని కనబడలేదు. పోయి ఆయన ఎదురుగా చాపమీద కూర్చున్నాను.

“నాకు పాటలు రావు పెదనాయనా.”

“పాట నాది. జవాబు ఒక్కటే నీది.”

“రాగం తప్పుతుంది.”

“తప్పితే తప్పనీ.”

ఆయన తాళాలు ఎత్తాడు. ఒకటి నా చేతికిచ్చి, ఒకటి తన చేతిలో ఉంచుకున్నాడు. మధ్యలో నా నైలాన్ తాడు వేలాడింది. ఒకసారి దగ్గి, కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు.

“ఎందాక బోతావు బండి మామా?”

గొంతు మొదట తుప్పుపట్టిన వాల్వులా కరకరమంది. తరువాత తెరుచుకుంది. నేను ఆ మనిషితో ఒకే ఇంట్లో ఉంటూ అన్ని నెలలు వినని గొంతు అది. గోదాము గోనెలన్నీ వింటున్నంత పెద్దది. నేను వినడంలో పడి జవాబు మరిచిపోయాను. అవ్వ నా వీపుమీద ఒకటి వేసి చెవిలో అందించింది. అన్నాను:

“ఎండ తిరిగేదాక, ఏటి దాక.”

మా ఫ్యాక్టరీలో గ్యాసు లీకైనప్పుడు మోగే అలారానికీ నా గొంతుకూ పెద్ద తేడా ఉండి ఉండదు. కళ్ళజోడు మామ బాహాటంగా చెవి మూసుకున్నాడు. పెదనాయన మాత్రం కళ్ళు తెరవకుండానే నవ్వి, తరువాతి ప్రశ్న అడిగాడు. పాట అయిపోయాక అవ్వ తీర్పు చెప్పింది. “దీపం ముందర మూడు ముళ్ళు ఏసినాడు. ఇంక ఈయన్ని ఇడిసిపెట్టి యాడికి పోతాడు?” కాబట్టి పెళ్ళి గురించి నా అనుమానం పూర్తిగా తప్పని ఈ రోజుకీ ఒప్పుకోను. వధువును గుర్తించడంలోనే పొరబాటు జరిగింది.

మరునాడు పొద్దున నేను బస్సుకు తయారవుతుంటే స్నానాల గదిలోంచి నీళ్ళ చప్పుడుతో పాటు బండి మామ పాట వచ్చింది. పెద్దమ్మ దోసె తిరగేయడం మరిచిపోయి నిలబడింది. నేను అద్దంలో గడ్డం గీసుకుంటూ, నాకు తెలియకుండానే జవాబు చెప్పాను. “దేవుడా, ఒగుడు పోయి ఇద్దరైనారు” అని పెద్దమ్మ మాడిన దోసెను నా పళ్ళెంలోనే వేసింది. అంత తృప్తిగా వేసిన మాడిన దోసె నేను మళ్ళీ తినలేదు.

ఇప్పుడు నాకు నిజంగా పెళ్ళయింది. ఇల్లూ వేరుపడ్డాం. పెదనాయనకు మెట్లెక్కడం కష్టంగా ఉంది, ఆదివారాలు నేనే పోయి చేయి పట్టుకుని తీసుకుపోతాను. అక్కడ పాటలు చూసి పాడుకోవడానికే తెలుగు చదవడం, రాయడం సరిగా నేర్చుకున్నాను. నా రాగం ఏమంత బాగుపడలేదు, కళ్ళజోడు మామ మాత్రం చెవి మూసుకోవడం మానేశాడు. (ఆయనకు వినబడడం తగ్గిందని అవ్వ అనుమానం.) నైలాన్ తాడు రంగు పోయింది, ముడి కదలలేదు. పోయిన ఆదివారం నేను చెప్పులు వేసుకుంటుంటే మా ఆవిడ గడప దగ్గరికి వచ్చి, “ఎందాకా?” అంది. ఆలోచించకుండానే “ఎండ తిరిగేదాక, ఏటి దాక” అన్నాను. కనుబొమలు ముడిచి నన్ను పైనుంచి కిందికి చూసింది. అక్కడ ఏం చేస్తారో, ఎవరెవరు వస్తారో, అసలు దానికి పేరేమిటో చెప్పమంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు మెట్రో రైల్లో కూర్చుని, పెదనాయన గొంతును పక్కనుంచి కొలిచిన కుర్రవాడి చూపు అది. పాపం, వాడికి అన్నీ తెలియాలి, ఏదీ ఊరికే నమ్మడు. వాడినే చూసినట్టై నవ్వొచ్చింది.

“పేరేంటికే?” అన్నాను. “కూచుంటాం. అయిపోతే లేస్తాం.”

ఈ ఆదివారం తనూ వస్తానంటోంది. ఊరికేనట.